తంగేడు చెక్క నుంచి ఫౌజీ బూటు దాకా

మన ఇళ్లల్లో కొత్త బూట్లు ఈద్‌కో, షాదీకో, పిల్లాడి నౌక్రీ ఇంటర్వ్యూకో కొంటాం. దుకాణంలో మనం అడిగేవి రెండే: ఖీమత్ ఎంత, చమ్డా అసలుదేనా. "అస్లీ లెదర్ భాయ్" అంటాడు దుకాన్‌దార్. నమ్మి తెచ్చుకుంటాం. చమ్డా అసలుదే కావచ్చు, కానీ అంతమాత్రాన బూటు మజ్బూత్ అయిపోదు. ఆ తోలును దేంతో పదును చేశారు? అడుగు భాగాన్ని పై భాగానికి ఎట్లా కలిపారు? రోజూ తొడిగే బూటు ఏడాదికే పోతుందా, పదేళ్లు నడుస్తుందా అన్నది ఈ రెండు సవాళ్ల మీదే ఉంటుంది. ఈ రెండింటికీ పెద్ద తారీఖ్ ఉంది. అందులో మన నేల కూడా ఉంది.

పచ్చి తోలు వదిలేస్తే కుళ్లుతుంది, ఎండబెడితే రేకులా బిగుసుకుంటుంది. చెట్టు చెక్కలో, కాయల్లో ఉండే వగరు తోలు నారల్లోకి దిగితేనే అది చమ్డా అవుతుంది. అరబీలో దీన్ని దబాగత్ అంటారు. హదీసుల్లో దబాగత్ మాట వచ్చే చోట నీళ్లతో పాటు ఖరజ్ పేరు కూడా వస్తుంది. ఖరజ్ అంటే ఎవరికీ తెలియని చెట్టేమీ కాదు, మన పొలం గట్ల మీది నల్లతుమ్మ లాంటిదే. ఇంగ్లీషులో బూట్లు కుట్టేవాడికి కార్డ్‌వెయినర్ అన్న పాత పేరు ఖుర్తుబా నుంచి వచ్చింది. అందలూస్ ముసల్మానుల ఆ షెహర్ నుంచి వెళ్లిన చమ్డాకు యూరప్‌లో అంత నామ్ ఉండేది.

మన దగ్గర ఈ పనికి తంగేడు వాడారు. బతుకమ్మలో పేర్చే తంగేడే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని చెక్కను దంచి నీళ్లలో నానబెట్టి, ఆ లందలో తోళ్లు ఊరేసేవారు. ఈ హునర్ మాదిగలది. ఆరె, రంపె పట్టుకుని వాళ్లు కుట్టిన చెప్పులతో, వాళ్లు చేసిన మోట బొక్కెనలతో ఊళ్లకు ఊళ్లు సేద్యం చేశాయి. రోజంతా బావిలో మునిగి తేలుతూ బరువు మోసిన తోలు అది. అంతకంటే కష్టమైన ఇమ్తెహాన్ ఏ కంపెనీ పెట్టగలదు? ఆ తోలు అందరికీ కావాలి, ఆ లంద మాత్రం ఊరి బయట ఉండాలి. మన ముసల్మానులం కూడా ఈ విషయంలో సాఫ్‌గా ఏమీ లేం. చమ్డా పని చేసేవాళ్లను తక్కువగా చూసే ఆదత్ మన మొహల్లాల్లోనూ ఉంది.

19వ శతాబ్దంలో ఇదే తంగేడు చమ్డా మద్రాసు రేవు నుంచి ఓడలెక్కింది. తమిళంలో తంగేడును ఆవారం అంటారు. ఆవారం చెక్కతో పదును చేసి, చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించిన లేత రంగు తోళ్లు విలాయత్‌లో 'ఈస్ట్ ఇండియా కిప్స్' పేరుతో అమ్ముడుపోయేవి. ఈ కారోబార్‌లో వాణియంబాడి, ఆంబూరు, పేర్ణంబట్టు ముస్లిం ఖాన్‌దాన్‌లది పెద్ద చెయ్యి. మన చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే ఊళ్లే ఇవి. అక్కడి బజార్లలో ఉర్దూ వినబడుతుంది. 1919లో వాణియంబాడిలో మొదలైన ఇస్లామియా కాలేజీ వెనక కూడా చమ్డా తాజిర్‌ల సొమ్ముంది. తోళ్ల తొట్లలో దిగి పనిచేసింది మాత్రం ఎక్కువగా దళితులే.

మొదటి జంగ్ (1914-18) వచ్చాక బ్రిటిష్ సర్కారు ఈ కిప్స్‌ను తన కబ్జాలోకి తీసుకుంది. సిపాయీల బూట్ల పై భాగానికి అవి కావాలి. అప్పటికే కాన్పూర్‌లో సర్కారీ జీను కార్ఖానా, 1880ల మొదట్లో వచ్చిన కూపర్ అలెన్ కంపెనీ ఫౌజ్‌కు తోలు సామాను చేస్తున్నాయి. అక్కడ వాడింది తుమ్మ చెక్క. అంటే మన తంగేడు, ఉత్తరాది తుమ్మ కలిసి ఎక్కడెక్కడి బురద కందకాల్లోకో నడిచాయన్నమాట.

ఈలోగా ఇంకో తరీఖా వచ్చింది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ క్రోమియం ఉప్పుతో పదును చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. చెక్కతో వారాలు పట్టే పని క్రోమ్‌తో ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. తోలు మెత్తగా ఉంటుంది, తడికి, వేడికి బాగా ఓర్చుకుంటుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దీన్ని మద్రాసులో నిలబెట్టాడు. ఈ రోజు మనం కొనే బూట్ల పై భాగం చాలామటుకు క్రోమ్‌దే, అదేమీ ఐబ్ కాదు. వానల్లో తిరిగేవాళ్లకు అదే మేలు. కానీ లోపలి అట్ట, అడుగు చెక్క పదునువి అయితే కొన్ని నెలల్లో మీ పాదం అచ్చు వాటి మీద పడుతుంది, చెమటను పీల్చుకుంటాయి.

క్రోమ్ ఖీమత్ ఒకటి దుకాణం బిల్లులో కనబడదు. దాన్ని పాలారు నది కట్టింది. తోళ్ల కార్ఖానాల మురికినీళ్లతో వేలూరు వైపు బావులు, పొలాలు పాడైతే జనం సుప్రీంకోర్టుకెళ్లారు. పాడుచేసినవాడే నష్టం భరించాలని 1996లో తీర్పు వచ్చింది. మన తెనాలి ప్రాంతం నుంచి వెళ్లి మద్రాసు తోళ్ల పరిశోధన సంస్థను నడిపించిన యలవర్తి నాయుడమ్మ అప్పటికి లేరు. 1985లో కనిష్క విమానం పేలినప్పుడు అందులో ఉన్నారు.

ఇక కుట్టు సంగతి. పాత పద్ధతిలో మోచీ పై భాగానికి చుట్టూ సన్నని తోలు పట్టీ, అంటే వెల్ట్, కుట్టి, ఆ పట్టీకి సోల్‌ను వేరే దారంతో కుట్టేవాడు. 1870లలో చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ ఆ పనిని మెషీన్‌కు అప్పగించాడు. రబ్బరు గుడ్‌ఇయర్ కొడుకే ఈయన. దీనిలోని హిక్మత్ ఏమిటంటే సోల్ అరిగితే పై భాగాన్ని ముట్టుకోకుండా దారం తెంపి కొత్తది వేయొచ్చు. అందుకే ఫౌజీ బూట్లకు ఈ పద్ధతి అచ్చొచ్చింది. ఇప్పటి సస్తా బూట్లలో సోల్‌ను గమ్‌తో అంటిస్తారు. అది ఒకసారి ఊడిందంటే మోచీ కూడా సలామ్ కొట్టి పంపించేస్తాడు. కొన్నింటిలో అంచున కుట్టు బొమ్మలా అచ్చేసి ఉంటుంది. దాన్ని చూసి మోసపోకండి. దారం నిజంగా లోపలికి దిగిందో లేదో గోటితో తడిమితే తెలిసిపోతుంది.

షకల్ మాటకొస్తే, మనకో ప్రత్యేక ఇబ్బంది ఉంది. నమాజ్‌కు మస్జిద్ గుమ్మంలో విప్పాలి, తొడగాలి. పైదాకా లేసులున్న ఫౌజీ బూటుతో జమాఅత్ దొరకదు. లండన్‌లో స్పార్క్స్ హాల్ పేటెంట్ చేసిన ఇలాస్టిక్ బూటు, ఇప్పుడు చెల్సీ అంటున్నాం, ఒక్క లాగుతో వచ్చేస్తుంది. అయితే అందులో ముందుగా చచ్చేది ఇలాస్టికే. నా ఓటు రెండు మూడు జతల రంధ్రాలున్న చుక్కా బూటుకు. 1941లో బర్మాలో నాథన్ క్లార్క్ అనే బ్రిటిష్ అఫ్సర్ తోటి అఫ్సర్ల కాళ్లకు ఖాహిరా బజార్‌లో కుట్టించుకున్న ఇలాంటి బూట్లు చూశాడు. జంగ్ అయ్యాక తమ ఖాన్‌దానీ కంపెనీ నుంచి 'డెజర్ట్ బూట్' తెచ్చాడు. పఠానీ సూట్ కిందా, ఆఫీసు ప్యాంట్ కిందా సరిపోతుంది. గోధుమ రంగుదైతే గీతలు కూడా తొందరగా కనబడవు.

ఒక సంగతి నాకు భలే నచ్చుతుంది. మసహ్ చేసే చర్మపు మోజాలకు మన ఫుఖహా పెట్టిన షరతులు చూడండి: చీలమండ కప్పాలి, కట్టకుండా కాలి మీద నిలబడాలి, తొడుక్కుని నడిస్తే తట్టుకోవాలి. హనఫీల లెక్కలో మూడు కాలి వేళ్లంత చిరుగు పడితే పనికిరాదు. ముఖీమ్‌కు ఒక పగలు, ఒక రాత్రి గడువు, ముసాఫిర్‌కు మూడు. వందల ఏళ్ల కింద రాసిన ఈ కొలతలు బూటు కొనేవాడికి ఇప్పుడూ పనికొస్తాయి. దుకాణంలో తొడుక్కుని పది అడుగులు నడవండి, మడమ జారుతోందా చూడండి. తర్వాత మీ మొహల్లా మోచీకి చూపించి, సోల్ అరిగితే మళ్లీ వేయగలవా, ఎంత తీసుకుంటావు అని అడిగి, అప్పుడు బిల్లు కట్టండి.