బడి కబురు ఇంటికి చేరాలంటే: 6, 7, 8 తరగతుల కుటుంబాలకు

ఐదో తరగతి దాకా బడి సంగతులు ఇంటికి వాటంతటవే వచ్చేవి. సాయంత్రం గేటు దగ్గర అమ్మో అవ్వో నిలబడేవారు, టీచరు కనబడేది, రెండు మాటలు జరిగేవి. ఆరో తరగతికి వచ్చేసరికి పిల్లలు స్నేహితులతో కలిసి తామే వచ్చిపోతారు. ఒక్క టీచరు బదులు సబ్జెక్టుకొక టీచరు ఉంటారు. "ఈరోజు బడిలో ఏం జరిగింది?" అని అడిగితే "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. సరిగ్గా ఈ మూడేళ్లలోనే ఇంటికి తెలియాల్సిన సంగతులు పెరుగుతాయి, తెలిసే దారులు తగ్గుతాయి.

తమిళనాట తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో మాట తెలుగు. కానీ చాలామంది అమ్మానాన్నలు తమిళ మీడియంలో చదివినవారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవాలంటే మాత్రం అక్షరాలు కూడబలుక్కోవాలి. కొన్ని ఇళ్లలో తెలుగు చదవగలిగింది తాతగారు ఒక్కరే, ఆయనకేమో ఫోను చూడడం రాదు. చివరికి నోటీసు చదివి వినిపించేది పిల్లవాడే. టూరు నోటీసు అయితే మొత్తం చదువుతాడు. అమ్మానాన్నలను రమ్మన్న నోటీసు అయితే సగమే చదువుతాడు. తప్పు వాడిది కాదు, ఆ పని వాడి నెత్తిన పెట్టినవారిది.

అందుకని ఈ పేజీ అంతటికీ ఒకటే సూత్రం. హోంవర్కు, పరీక్షల తేదీలు పిల్లల చేతికిచ్చి పంపినా ఫరవాలేదు. భద్రత సంగతులు మాత్రం పెద్దవాళ్ల నుంచి పెద్దవాళ్లకు నేరుగా చేరాలి.

మీ ఇంట్లో చదివేది ఎవరు?

క్లాసు టీచరుకు మూడు సంగతులు రాసి ఇవ్వండి.

1. నోటీసు ఏ లిపిలో ఉంటే మీరు మీ అంతట మీరే చదవగలరు: తెలుగా, తమిళమా, ఇంగ్లీషా? తెలుగు బడికి వచ్చి "మాకు తమిళంలో రాయండి" అనడానికి మొహమాటపడకండి. చదవడం రానివారు "వాయిస్ మెసేజీ పంపండి" అని అడగండి. అరనిమిషం తెలుగులో చెప్పిన మాట ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

2. రెండు ఫోను నంబర్లు. ఒకటి పగటిపూట ఎత్తగలిగినది కావాలి. ఫ్యాక్టరీలో ఫోను లోపలికి తీసుకుపోనివ్వని నాన్న నంబరు ఒక్కటే ఇస్తే మధ్యాహ్నం రెండు గంటలకు జ్వరం వచ్చిన పిల్లకు అది పనికిరాదు. రెండోది దగ్గర్లో ఉండే పిన్నిదో మామదో పక్కింటివాళ్లదో కావచ్చు.

3. సిమ్ మారినప్పుడు కొత్త నంబరు. బడి రిజిస్టరుతో పాటు రాష్ట్ర విద్యాశాఖ ఎమిస్ రికార్డులో కూడా మార్పించండి. పాత నంబరు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలియదు. మీ పిల్లల సంగతులు వాళ్లకు పోకూడదు.

వాన సెలవు

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. వానకు సెలవు ప్రకటించేది జిల్లా కలెక్టరు. చెన్నై, తిరువళ్లూరు, చెంగల్పట్టు, కాంచీపురం జిల్లాలు ఆనుకుని ఉన్నా సెలవు ఒక జిల్లాకు ఉండి పక్క జిల్లాకు లేకపోవచ్చు. లెక్కలోకి వచ్చేది బడి ఉన్న జిల్లా, మీ ఇల్లు ఉన్న జిల్లా కాదు. అయినా మీ వీధిలో నీళ్లు నిలిస్తే, కరెంటు తీగ తెగి పడితే, పిల్లలను పంపకండి. టీచరుకు ఒక్క మెసేజీ పెట్టండి చాలు.

వాతావరణ శాఖ రంగులకు అర్థం ఇది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్తపడండి. 24 గంటల్లో 6.5 సెంటీమీటర్లు దాటితే భారీ వాన, 11.5 దాటితే అతి భారీ, 20.4 దాటితే అత్యంత భారీ అంటారు. నారింజ రంగు హెచ్చరిక వచ్చిందంటే బడికి సెలవు అని కాదు.

పాత సంవత్సరం సెలవు ప్రకటన మళ్లీ వాట్సాప్‌లో తిరగడం మామూలే. తేదీ, జిల్లా పేరు చూడకుండా ఇంకొకరికి పంపకండి. బడి జరుగుతుండగా వాన ముదిరితే పిల్లలు లోపలే ఉండడం మేలు. రోడ్డు మీద మూత లేని కాలువ నీటి కింద కనబడదు. ఇంట్లో ఎవరూ లేకపోతే ముందుగా విడిచిపెట్టిన పిల్ల ఎక్కడికి వెళ్లాలో వాన రాకముందే మాట్లాడుకోండి.

గేటు, బస్సు, ఆటో

పిల్లను తీసుకెళ్లడానికి ఎవరెవరు రావచ్చో రాసి ఇవ్వండి. జాబితాలో లేనివారు వస్తే సొంత బాబాయి అయినా బడి నుంచి మీకు ఫోను వస్తుంది. మీరు సరే అనేదాకా పంపరు. దాన్ని అవమానంగా తీసుకోవద్దని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. భార్యాభర్తలు విడిగా ఉంటున్నా, కోర్టు ఉత్తరువు ఏదైనా ఉన్నా, ప్రధానోపాధ్యాయులకు విడిగా చెప్పండి. అది నలుగురిలో చర్చించే సంగతి కాదు.

ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. "మీ నాన్న పంపించారు, బండెక్కు" అని ఎవరన్నా అంటే పిల్ల ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే లోపలికి తిరిగి రావాలి.

బస్సుల విషయంలో తమిళనాడుకు ప్రత్యేక నియమాలు ఉన్నాయి. 2012 జులైలో చెన్నై శివార్లలో బడి బస్సు అడుగున ఉన్న రంధ్రంలోంచి ఒక చిన్నారి జారిపడి చనిపోయింది. ఆ తర్వాత అదే ఏడు ఆ నియమాలు వచ్చాయి. బస్సులో డ్రైవరు కాక పిల్లలను చూసుకునే మనిషి, మంటలార్పే సిలిండరు, ప్రథమచికిత్స పెట్టె ఉన్నాయో లేదో అడిగే హక్కు మీది. ఆటోలో పంపేవారు డ్రైవరు పేరు, బండి నంబరు, ఎంతమంది పిల్లలను ఎక్కిస్తున్నాడో తెలుసుకోండి. డ్రైవరు పక్క సీట్లో పిల్లను కూర్చోబెడితే ఒప్పుకోకండి.

మాత్రలు, జ్వరం, ఒంటి మార్పులు

బడిలో ఇచ్చే నీలం మాత్ర గురించి ఇళ్లలో అనుమానాలు ఉన్నాయి. అది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. 10 నుంచి 19 ఏళ్లవారికి రక్తహీనత రాకుండా వారానికి ఒకటి ఇస్తారు. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం రావచ్చు, అందుకే అన్నం తిన్నాక ఇస్తారు. మలం నల్లగా రావడం మామూలే, భయపడనక్కర్లేదు. నులిపురుగుల మాత్ర వేరు. అది ఆల్బెండజోల్, నమిలి మింగాలి. మీ పిల్లకు ఆ రోజు జ్వరం ఉన్నా, వేరే మందులు వాడుతున్నా, తలసీమియా లాంటి రక్త సంబంధమైన జబ్బు ఉన్నా ముందే చెప్పండి.

ఉబ్బసం, మూర్ఛ, షుగరు, గుండె జబ్బు, ఏదైనా తిండి పడకపోవడం లాంటివి దాచకండి. "చెబితే ఆటల్లోంచి తీసేస్తారు" అని దాచినవారు ఉన్నారు. మూర్ఛ వచ్చిన పిల్లను టీచరు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. ఆ సంగతి ముందే తెలిస్తేనే ఆ నిమిషంలో ఆ పని జరుగుతుంది.

ఆడపిల్లలు పెద్దమనిషయ్యేది చాలావరకు ఈ తరగతుల్లోనే. పిల్లకు ముందుగానే చెప్పి ఉంచండి. సంచిలో ఒక ప్యాడు, మార్చుకునే బట్ట పెట్టండి. వేడుక మీ ఇష్టం, బడి మాత్రం వారాల తరబడి మాన్పించకండి. ఏడో తరగతిలో పోయిన పాఠాలు ఎనిమిదో తరగతిలో అడ్డుపడతాయి.

మంటలు, అనుకోని ఆపద

2004 జులై 16న కుంభకోణంలో ఒక బడిలో వంటగది నుంచి మంటలు లేచి పూరి కప్పుకు అంటుకున్నాయి. 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ కేసు తర్వాత 2009లో సుప్రీంకోర్టు, పిల్లల చదువు హక్కులో భద్రమైన బడి హక్కు కూడా ఉందని చెప్పింది. మంటలార్పే పరికరాలు, సిబ్బందికి శిక్షణ అన్ని బడుల్లోనూ ఉండాలని ఆదేశించింది. ఈ బడి ఆ బడి అన్న తేడా లేదు, భాషా అల్పసంఖ్యాకుల బడులకూ అది వర్తిస్తుంది.

మీటింగుకు వచ్చినప్పుడు మార్కులతో పాటు ఇవి కూడా అడగండి: రెండో మెట్లదారి ఉందా, దానికి తాళం వేసి ఉందా? పోయినసారి డ్రిల్లు ఎప్పుడు చేశారు? పిల్లలు బయటికొచ్చి ఎక్కడ నిలబడతారు?

నిజంగా ఆపద వస్తే అందరూ ఒక్కసారిగా గేటు దగ్గరికి పరుగెత్తకండి. అంబులెన్సుకు, ఫైరింజనుకు దారి కావాలి. బడి ఫోనుకు వందమంది చేస్తే బడి నుంచి మీకు ఫోను రాదు. మెసేజీ కోసం చూడండి, పిల్లలను అప్పగించే చోటికి రండి, సంతకం పెట్టి తీసుకెళ్లండి. దారిలో కనబడ్డ పిల్లను చెప్పకుండా తీసుకుపోతే, "ఒక పిల్ల తక్కువ" అని లోపల వెతుకుతూనే ఉంటారు.

పిల్ల ఏదో చెప్పబోయినప్పుడు

ఏడిపించడం, కొట్టడం, ఫోనులో ఫొటోలు పెట్టి బెదిరించడం, తాకకూడని చోట తాకడం వంటివి నోటీసుల్లో రావు. పిల్లే చెప్పాలి. తమిళనాట బడుల్లో కొట్టడం 2003 నుంచే నిషేధం. "మా కాలంలో మమ్మల్నీ కొట్టారు" అనే మాటతో పిల్ల నోరు మూయకండి.

లైంగిక వేధింపుల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. తెలుసుకోవలసినవి ఇవి:

- నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. బడికీ, టీచరుకూ కూడా ఇది విధే. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాచిపెట్టిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. "బడి పేరు పోతుంది, లోపల్లోపల సర్దుకుందాం" అనడం చట్టం ఒప్పుకోదు.
- పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా అధికారి తీసుకోవాలి. అప్పుడు పోలీసు యూనిఫాం ఉండకూడదు. అమ్మానాన్నలో, పిల్ల నమ్మిన మనిషో పక్కన ఉండవచ్చు.
- అవసరమైతే దుబాసీ సాయం తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని పిల్ల ఇంత బాధను తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పనక్కర్లేదు. దుబాసీని అడగండి.
- పిల్ల పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టడం నేరం. తల్లిదండ్రుల గ్రూపులో ఊహాగానాలు రాయకండి.

పిల్లలూ, ఒక మాట. చెబితే తిడతారని భయమేస్తే, అమ్మానాన్నకు కాకపోయినా మీరు నమ్మే ఒక పెద్దమనిషికి చెప్పండి. ఒకరు వినకపోతే రెండోవారికి చెప్పండి. జరిగినదాంట్లో మీ తప్పు లేదు.

మీ నుంచి బడికి చేరాల్సినవి

కబురు ఒకవైపే నడిస్తే చాలదు. ఇంట్లో చావు, దీర్ఘ జబ్బు, ఇల్లు మారడం, నాన్న పని పోవడం వంటివి జరిగినప్పుడు క్లాసు టీచరుకు ఒక్క మాట చెప్పండి. వివరాలు అక్కర్లేదు, "ఇంట్లో కష్టంగా ఉంది, కాస్త చూసుకోండి" అంటే చాలు. ఉన్నట్టుండి మార్కులు తగ్గిన పిల్లను తిట్టాలా, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడాలా అన్నది టీచరుకు అప్పుడు తెలుస్తుంది. ఊరికి, పెళ్లికి, తిరుపతికి తీసుకెళ్లేటప్పుడు ముందురోజే చెప్పండి. రాని పిల్ల ఇంట్లో ఉందో, దారిలో తప్పిపోయిందో ఉదయమే తేలాలి.

ఫోను పక్కన అంటించుకోవాల్సిన నంబర్లు

- 112: అన్ని రకాల ఆపదలకు
- 108: అంబులెన్సు
- 101: అగ్నిమాపక దళం
- 1098: పిల్లల సాయానికి, పగలూ రాత్రీ, ఉచితం. పిల్లలే చేయవచ్చు
- 1930: ఫోను, ఇంటర్నెట్ మోసాలకు
- 14416: మనసు బాగాలేనప్పుడు టెలిమానస్. తెలుగులోనూ మాట్లాడవచ్చు
- 14417: తమిళనాడు పాఠశాల విద్యాశాఖ సహాయ కేంద్రం

ఈ రాత్రికి మూడు పనులు చేయండి. బడికి ఇచ్చిన నంబరు ఇప్పటికీ పనిచేస్తోందో లేదో చూడండి. ఇంటి రహస్య మాట ఏమిటో పిల్లతో కలిసి తేల్చుకోండి. పోయిన నెల నోటీసు ఒకటి తీసి, పిల్ల సాయం లేకుండా మీరే చదివి చూడండి. చదవలేకపోతే రేపు ఉదయం క్లాసు టీచరుకు ఆ సంగతే చెప్పండి. అలా చెబితేనే మీకు ఏ లిపిలో పంపాలో, వాయిస్ మెసేజీ పెట్టాలో బడికి తెలుస్తుంది.