చిప్పు వెనక పడ్డ మిల్టన్ షా

మీలో మెకానికల్ చదివి సాఫ్టువేరులోకి వచ్చినవాళ్ళుంటే అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా మర్చంట్ సర్కిల్ గీసేస్తారు. ఒక వృత్తం, దాని వ్యాసం మీద ఫలితబలం, అటూ ఇటూ మూడు జతల బలాలు, మూడు కోణాలు. కాంపాసుతో శుభ్రంగా గీస్తే మార్కులు గ్యారంటీ. గేట్ లో కూడా తరచూ ఒక లెక్క ఉంటుంది. దాని కింద ఒక సూత్రం: షియర్ కోణాన్ని రెట్టింపు చేసి, ఘర్షణ కోణం కలిపి, అందులోంచి రేక్ కోణం తీసేస్తే 90 డిగ్రీలు రావాలి.

మనకు క్లాసులో ఎవరూ చెప్పని సంగతేమిటంటే, లేత్ మీద నిజంగా లోహాన్ని కోసి కొలిస్తే చాలాసార్లు ఆ 90 రాదు. వృత్తం తప్పు కాదు, అది ఉత్త జ్యామితి. ఇబ్బందల్లా కింది సూత్రంతోనే. ఈ విషయం మర్చంట్ కి 1945లోనే తెలుసు. అందుకే 90 ఉన్నచోట లోహాన్ని బట్టి మారే ఒక స్థిరాంకాన్ని పెట్టి సవరించాడు కూడా. మన పుస్తకాల్లో ఆ సవరణకి ఒక్క వాక్యం, మొదటి సూత్రానికి రెండు పేజీలు.

ఆ 90 ఎందుకు రావట్లేదన్న ప్రశ్న పట్టుకుని అరవై ఏళ్ళకు పైగా గడిపిన ఆయన మిల్టన్ సి. షా. 1915లో ఫిలడెల్ఫియాలో పుట్టారు. డ్రెక్సెల్ లో డిగ్రీ, సిన్సినాటీ యూనివర్సిటీలో 1942లో డాక్టరేటు. సిన్సినాటీ అంటే అప్పట్లో మెషిన్ టూల్స్ కి పుట్టిల్లు. మర్చంట్ పనిచేసిన సిన్సినాటీ మిల్లింగ్ మెషీన్ కంపెనీ ఉన్న ఊరు. షా కూడా ఆ కంపెనీలో పనిచేస్తూనే చదివారు. యుద్ధకాలంలో క్లీవ్ లాండ్ లో నాకా (ఇప్పటి నాసాకి అమ్మ) పరిశోధనాలయంలో ఉండి, 1946లో ఎమ్.ఐ.టి.కి వచ్చారు. 1961లో కార్నెగీ టెక్ లో మెకానికల్ విభాగానికి హెడ్డుగా వెళ్ళారు, అదే తర్వాత కార్నెగీ మెలన్ అయింది. 1978 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ. ఉద్యోగాల చరిత్ర ఇంతే. అసలు కథ లాబుల్లో ఉంది.

లోహాన్ని కొయ్యడమంటే ఏమిటో ముందు చెప్పాలి. గొడ్డలితో కట్టె చీల్చినట్టు పనిముట్టు ముందు పగులు వెళ్తుందని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. మామూలు చిప్పు అలా రాదు. పేకకట్టని ఏటవాలుగా నెట్టితే ముక్క మీద ముక్క జారినట్టు, పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ చిప్పు పుడుతుంది. ఫిన్లాండ్ కి చెందిన పీస్పానెన్ 1937లో వేసిన బొమ్మ ఇదే. ఆ జారే తలం ఎంత వాలులో ఉందో చెప్పేదే షియర్ కోణం. అది ముందే తెలిస్తే బలం, వేడి, కరెంటు ఖర్చు అన్నీ లెక్కకట్టొచ్చు. అది తెలియకపోతే టేలర్ లా చెయ్యాలి. ఎఫ్.డబ్ల్యూ. టేలర్ 26 ఏళ్ళలో 30 వేలకి పైగా ప్రయోగాలు చేసి, సుమారు 8 లక్షల పౌన్ల లోహాన్ని ఇనప రజనుగా మార్చి, 1907లో అచ్చయిన తన పత్రంలో పట్టికలు, సూత్రాలు ఇచ్చాడు. టూల్ ఎంతసేపు ఆగుతుందో చెప్పే టేలర్ సమీకరణం అందులోదే.

సూత్రంతో కుర్చీలో కూర్చుని చెప్పెయ్యాలన్నది మర్చంట్ ఆశ. శక్తి ఎక్కడ తక్కువ ఖర్చవుతుందో జారుడు అక్కడ జరుగుతుందన్నాడు. 1951లో లీ, షాఫర్ ఇంకో దారిలో వచ్చి 90 బదులు 45 వచ్చే ఇంకో సూత్రం తెచ్చారు. అదీ అన్ని లోహాలకీ సరిపోలేదు. 1953లో షా, తన విద్యార్థులు కుక్, ఫినీలతో కలిసి, ఘర్షణ కోణం, షియర్ కోణం ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయనీ, విడివిడిగా చూడటమే పొరపాటనీ వాదించి, లీ-షాఫర్ సూత్రానికి ఇంకో కోణం కలిపారు. ఆ కోణం పరిస్థితిని బట్టి మారుతుంది. మన భాషలో చెప్పాలంటే, టెస్ట్ కేసు పాసవ్వడానికి కోడ్ లో ఇంకో పారామీటర్ పెట్టడం. కానీ షా దాన్ని పరిష్కారమని అమ్మలేదు, సమస్య ఎక్కడుందో చూపించే గుర్తుగా వాడారు. చివరికి తన పుస్తకంలో, కోత ఎలా సాగుతుందో ముందే లెక్కకట్టి చెప్పడం దాదాపు అసాధ్యమనీ, అయినా లోతుగా పరిశోధించడం వృధా కాదనీ తేల్చేశారు. జీవితమంతా ఆ రంగంలోనే ఉన్న మనిషి ఆ మాట అనడం నాకు చాలా నచ్చింది.

సూత్రం దొరకనప్పుడు మరి ఆ లాబులో ఏం తయారైంది? నా లెక్క ప్రకారం మనుషులు. ఇయన్ ఫినీ బర్కిలీకి వెళ్ళి, ఇసుక రేణువులు తగిలి లోహం అరిగిపోవడం మీద 1960లో ఇచ్చిన మోడల్ ని పైపులు డిజైన్ చేసేవాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. షాతో కలిసి టూల్ మొన దగ్గర వేడి లెక్కకట్టిన ఎర్విన్ లోవెన్, తర్వాత కాంతిని విడగొట్టే డిఫ్రాక్షన్ గ్రేటింగ్స్ లో పేరున్న నిపుణుడయ్యాడు. నేథన్ కుక్ ఎమ్.ఐ.టి.లోనే ప్రొఫెసరయ్యాడు. ఒకే చిప్పు చూసినవాళ్ళు తలో దిక్కుకీ వెళ్ళారు.

షా చూసే పద్ధతికి ఒక ఉదాహరణ చాలు. కార్బన్ టెట్రాక్లోరైడ్ పోస్తూ నెమ్మదిగా కోస్తే బలం బాగా తగ్గుతుంది. మామూలుగా చూస్తే అది మంచి లూబ్రికెంటు కాదు, జిడ్డే ఉండదు. మరి ఎందుకు తగ్గుతోంది? అప్పుడే పుట్టిన లోహపు ఉపరితలం గాలి తగలక ముందు మహా చురుగ్గా ఉంటుంది, ఆ ద్రవంతో అక్కడికక్కడే రసాయనచర్య జరిగి పలచని పొర ఏర్పడి చిప్పుని జారనిస్తుంది అన్నారు. అంతటితో ఆగకుండా ప్రశ్నని తిరగేశారు. కోతే రసాయనచర్యని నడిపిస్తుంటే, లేత్ నే రియాక్టరుగా వాడొచ్చు కదా? సేంద్రియ ద్రవాల్లో ముంచి లోహాల్ని కోస్తూ, గ్రిన్యార్డ్ తరహా పదార్థాలు తయారుచేసి 1948లో పత్రం వ్రాశారు. లేత్ మీద కెమిస్ట్రీ! (ఆ కార్బన్ టెట్రాక్లోరైడ్ కాలేయానికి విషం. షాపుల్లో వాడేది కాదు, ఎవరూ ప్రయత్నించకండి.)

ఇప్పుడు మనవాడి సంగతి. ఉస్మానియాలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీలో డాక్టరేటు చేసిన రంగా కోమండూరి గారు 1970లలో కార్నెగీ మెలన్ లో షాతో కలిసి పనిచేశారు. వాళ్ళు పట్టుకున్న ప్రశ్న చిన్నపిల్లలు అడిగేలాంటిది. వజ్రం అన్నిటికన్నా గట్టిది కదా, మరి ఉక్కుని సానపెడితే వజ్రమే ఎందుకు అరిగిపోతుంది? జవాబు గట్టిదనంలో లేదు. వేడెక్కిన ఇనుముకి కర్బనమంటే ప్రీతి, వజ్రమేమో ఉత్త కర్బనం. గ్రాఫైట్ గా మారి ఇనుములోకి ఇంకిపోతుంది. 1975లో నేచర్ పత్రికలో ఇద్దరి పేర్లతో పత్రం వచ్చింది. గట్టిపడిన ఉక్కుని సానపెట్టడానికి వజ్రం కాకుండా క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ ఎందుకు వాడతారో దీంతో అర్థమవుతుంది.

కోమండూరి గారు తర్వాత జీఈలో పనిచేసి, 1980ల చివర్నుంచి ఒక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. అక్కడ కెమిస్ట్రీ ప్రొఫెసరు లయొనెల్ రాఫ్ తో కలిసి కోతని అణువు అణువుగా కంప్యూటర్లో అనుకరించారు. మనం గమనించాల్సింది ఇక్కడొకటుంది. ఫెమ్టోసెకన్ల అడుగులతో లెక్కవెయ్యాలి కాబట్టి, అప్పటి కంప్యూటర్ల మీద లెక్క ఎప్పటికైనా పూర్తవ్వాలంటే కోత వేగం సెకనుకి 500 మీటర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. నిజం యంత్రం ఆ వేగంలో తిరగదు. ఆ సంగతి దాచకుండా పత్రంలో వ్రాసుకున్నారు.

ఇదంతా చదువుతుంటే మన ఎమ్.టెక్ లు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నాకు తెలిసిన ఒక కాలేజీలో కోత బలం కొలిచే డైనమోమీటరు నాలుగేళ్ళూ అద్దాల బీరువాలోనే ఉంది. లేత్ కి మాత్రం దసరాకి బొట్టు, దండ తప్పకుండా పడేవి. ఉద్యోగం రాకపోతే ఎమ్.టెక్, వస్తే సగంలో మానెయ్యడం. ఆ కుర్రాళ్ళని అనడానికేం లేదు, జీతాలు అలా ఉన్నాయి, నేనూ ఇటే వచ్చాను. కానీ పీజీ అంటే సూత్రాన్ని ఇంకోసారి నేర్చుకోవడం కాదు, అది ఎక్కడ పనిచెయ్యదో ఒక గురువు పక్కన నిలబడి చూడటం అని తెలియకుండానే చాలామందికి పట్టా చేతికొస్తోంది. యంత్రాల్లేక కాదు. హైదరాబాదులో ప్రాగా టూల్స్ 1943 నాటిది. 1960లలో హెచ్ఎమ్‌టీ వచ్చింది.

మళ్ళీ షా దగ్గరికొస్తే, ఆయనకీ కోమండూరి గారికీ చివరికి ఒక విషయంలో పొసగలేదు. టైటానియంని కోస్తే చిప్పు అంచు నున్నగా రాదు, రంపంలా పళ్ళు పళ్ళుగా వస్తుంది. మామూలు ఉక్కుతో పోలిస్తే బాగా వాడే టైటానియం మిశ్రమం వేడిని ఏడో వంతే పోనిస్తుంది. జారే చోట పుట్టిన వేడి అక్కడే ఉండిపోయి, లోహం అక్కడే మెత్తబడి, అదే పొరలో ఇంకా జారుతుంది, పన్ను అలా వస్తుంది అని కోమండూరి, వాన్ టర్కోవిచ్ 1981లో హై స్పీడ్ సినిమా కెమెరా, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు పెట్టి మరీ వివరించారు. 1990లలో షా, ఎ. వ్యాస్ తో కలిసి, కాదు, చిప్పు పైఅంచున ముందు పగులు పుట్టి కిందికి టూల్ మొన వైపు పాకుతుంది, వేడి తర్వాతి సంగతి అన్నారు. 1999 నాటి పత్రం వచ్చేసరికి షా వయసు 84. 2002లో కోమండూరి, హౌ మళ్ళీ వేడి లెక్కలన్నీ వేసి తమ మాట మీదే నిలబడ్డారు. షా తన పుస్తకం రెండో ముద్రణ 2005లో తెచ్చారు. 2006లో పోయారు.

ఆ వాదన ఇంకా తెగలేదు. ఈ విషయం మీద వచ్చే పత్రాలు రెండు పక్షాలనీ చెప్పి మొదలవుతాయి. టైటానియం మన మిధానీలోనూ తయారవుతుంది. దాన్ని కోసే షాపు మీకు తెలిసినవాళ్ళదుంటే ఒక చిప్పు అడిగి తెచ్చుకుని భూతద్దం కింద పెట్టి చూడండి, పళ్ళు కనిపిస్తాయి.