తెల్లారగట్ల లేపేదెవరు?

ఫొటోలు తీసేవాళ్ళు నలుగురు కలిస్తే తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది. కొండల మీద తొలి వెలుతురు ఎంత బావుంటుందో తెలుసు, అలారం మోగుతుంది, చెయ్యి దాన్ని ఆపేస్తుంది. మరి లేవడానికి ప్రేరణ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి? చూడ్డానికి పాత ప్రశ్నలాగే ఉంటుంది గానీ, దీని వయసు చాలా తక్కువ.

1857 డిసెంబర్లో మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ బెంగళూరు నుంచి దక్షిణానికి బయల్దేరాడు. ఆ ప్రయాణంలో రాయకోట కొండల్ని తీశాడు. మన కుప్పం పొలిమేర దాటాక, ఇప్పటికీ తెలుగు వినిపించే కృష్ణగిరి ప్రాంతం అది. ఆయన ఎక్కువగా కాగితపు నెగటివ్‌ల మీద పనిచేసేవాడు. వాటి మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. ఈలోగా గాలి లేస్తే ఆకులన్నీ అలుక్కుపోతాయి. ఎండ ముదిరితే మందులు, కాగితం మాట వినవు. గాలి లేవకముందే, ఎండ ఎక్కకముందే పని చూసుకోవడం అలాంటి కెమెరాతో తిరిగేవాడికి బతుకుతెరువు లెక్క. ఇంకో విశేషం కూడా ఉంది. మనం దేనికోసం లేవాలనుకుంటామో ఆ రంగులు ఆయనకు దక్కేవే కావు. ఆ నెగటివ్‌లలో ఆకాశం వట్టి తెల్లగా వచ్చేది. ట్రైప్ కొన్నిటి మీద మబ్బుల్ని రంగుతో చేత్తో దిద్దాడు. చివరికి 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యాన్ ఇదంతా దండగ ఖర్చని ఆ పనే ఆపించాడు.

తర్వాత ఫిల్ము వచ్చింది. రోలుకి 36 బొమ్మలు, ప్రతి నొక్కుకీ డబ్బులు. మధ్యాహ్నపు చదును వెలుతురులో వాటిని తగలెయ్యడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఇప్పటి కెమెరా మిట్టమధ్యాహ్నమైనా, అర్ధరాత్రైనా కాదనదు. పైగా బొమ్మకు ఖర్చు లేదు. లేపే వస్తువు ఒక్కొక్కటిగా పోయింది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్న మాటే ‘మోటివేషన్’.

తిరుమలలో ఈ వ్యవహారాన్ని ఎవరి మూడ్‌కీ వదిలిపెట్టలేదు. తెల్లవారుజామున, ఇంకా చీకటుండగానే, సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడుస్తాడు. తలుపులు తెరుచుకుంటాయి, సుప్రభాతం మొదలవుతుంది, తాళ్ళపాక వంశీకులు అన్నమయ్య మేలుకొలుపు పాడతారు. పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రాసిన ఆ సుప్రభాతానికి మొదటి శ్లోకం వాల్మీకిది. విశ్వామిత్రుడు రాముణ్ణి లేపుతున్నాడు. దేనికి లేపుతున్నాడో గమనించండి. తూర్పు ఎర్రబడింది చూడమని కాదు, చెయ్యాల్సిన పని ఉందని. ఈ వరసలో ప్రతి మనిషి కోసం ఇంకో మనిషి ఎదురుచూస్తుంటాడు. ఒకడు పడుకుండిపోతే మిగతా అందరి పనీ ఆగుతుంది. కొన్ని వందల ఏళ్ళుగా తెల్లవారుజామును నిలబెడుతున్నది ఈ కట్టుబాటే.

గుళ్ళోకి కెమెరా పోదు. ఫొటో తీసేవాడి గుడి కిందే ఉంది. తిరుపతికి ఉత్తరాన శేషాచలం గోడలా నిలబడి ఉంటుంది. ఊరివైపు చూసే ఆ ఎర్రరాతి ముఖం దక్షిణానికి తిరిగి ఉంది. ఎండాకాలంలో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి పొడుస్తాడు కాబట్టి పొద్దున ఆ ముఖం నీడలోనే ఉండిపోతుంది. చలికాలంలో ఆగ్నేయం వైపు నుంచి పొడుస్తాడు, మొదటి ఎండ ఏటవాలుగా రాతికి తగిలి పొరపొరనీ చూపిస్తుంది. అంటే సరిగ్గా ధనుర్మాసం. పైన సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే నెల. అందులోనూ ఆండాళ్ చెలికత్తెల్ని ఇంటింటికీ వెళ్ళి లేపుతూనే ఉంటుంది. పొద్దు కూడా ఆరున్నర దాకా పొడవదు, కాబట్టి మరీ అర్ధరాత్రి లేవక్కర్లేదు.

ఈ చరిత్ర మనకిచ్చే సలహా ఒకటే. ఒంటరిగా లేవాలని చూడకండి. రేపు ఐదింటికి వీధి చివర స్నేహితుణ్ణి నిలబడమనండి, బండి తాళం మీ దగ్గర ఉంచుకోండి. లేకపోతే అప్పటికే మేలుకుని ఉన్న చోటికి వెళ్ళండి: అలిపిరి మెట్ల దారి, పూల అంగళ్ళు, పాలవాళ్ళు తిరిగే వీధులు. వాళ్ళెవరూ ప్రేరణ గురించి అడగరు. వాళ్ళ పక్కన కాసేపు నిలబడితే కొండ దానంతటదే ఎర్రబడుతుంది.