వడ్డాదిసీమయు, ‘ఆడంగి’ యను నిందయు

పూర్వపు విశాఖపట్టణము జిల్లాలో, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోఁ జేరి, చోడవరమునకుఁ జేరువనున్న వడ్డాదిని చరిత్రకారులు మత్స్యవంశ్యుల యునికిపట్టుగా నెఱుఁగుదురు. ఆ వంశచరిత్రమునకు ముఖ్యాధారమగు దిబ్బిడ తామ్రశాసనము శక 1191, అనఁగా క్రీ. శ. 1269 నాఁటిది. దాతయగు రాజు పేరు అర్జునుఁడు. విరటుని మత్స్యదేశమునకును దీనికిని నామసామ్యమే కాని సంబంధము లేదు. ఐనను మత్స్యులు, అర్జునుఁడు అను పేళ్లు వినఁగనే తెలుఁగుపండితునకు బృహన్నల తలఁపునకు రాక మానదు.

ఉత్తరగోగ్రహణానంతరము గెలుపు బృహన్నలదని కంకుఁడు పలుమాఱు చెప్పఁగా, విరటుఁడు సైరింపక పాచికతో నతని మొగముపైఁ గొట్టెను. తన కొడుకును మెచ్చక పేడిని మెచ్చుట రాజునకు అవమానమై తోఁచినది. ఇచట దెబ్బ తినినవాఁడు పేడి కాఁడు, పేడిపక్షమునఁ బలికినవాఁ డనుట గమనింపఁదగినది.

నడకలోనో మాటలోనో మెత్తఁదనము కనఁబడిన బాలుని తోడివారు ‘ఆడంగి’ యని గేలిసేయుట మన బడులకుఁ గ్రొత్త కాదు. ఆ బాలుఁడు నిజముగా స్వలింగానురక్తుఁ డగునో కాఁడో గేలిసేయువారికిఁ బట్టదు. ఆ యనురక్తి గలవానికిమాత్రము దుఃఖము రెట్టింపగును. 1862 మొదలు ఈ సీమలోఁ జెల్లిన శిక్షాస్మృతి 377వ ప్రకరణము పురుషుల సంగమమును నేరముగా నెంచుచు వచ్చెను. కావున బాలుఁడు తన బాధ చెప్పుకొనవలెనన్న కారణము చెప్పవలెను, కారణము చెప్పినచోఁ దానే శంకకుఁ బాత్రుఁడగును.

1997లో ఆంధ్రప్రదేశమున ర్యాగింగు నిషేధశాసనము వెలసెను. విద్యార్థిని ఏడిపించి అవమానించినవారికి ఆఱునెలల వఱకుఁ జెఱయో, వేయిరూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఆత్మహత్యకుఁ బురికొల్పినచో శిక్ష యావజ్జీవకారాగారము వఱకుఁ బోవును. 2016లో విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము తన నియమములను సవరించి, లైంగికాభిరుచిని పట్టి చేయు వేధింపును ర్యాగింగులోఁ జేర్చెను. సుప్రీముకోర్టు పెద్దల యిష్టపూర్వకసంగమమును నేరము కాదనుట 2018 సెప్టెంబరు 6వ తేదీన. రక్షణము ముందును, నేరవిమోచనము వెనుకను వచ్చుట వింతయే.

అయితే ధనసహాయసంఘపు నియమము కళాశాలలకే కాని, ఆ నింద మొదట చెవినిఁబడు ఉన్నతపాఠశాలలకుఁ జెల్లదు. 2021లో జాతీయ విద్యాపరిశోధనశిక్షణమండలి, బడులలోని ట్రాన్స్‌జెండరు బాలల విషయమై ఉపాధ్యాయులకొక కరదీపిక ప్రకటించి, ఆక్షేపణలు రాఁగాఁ గొలఁదిదినములలోనే తొలఁగించెను. స్వలింగానురక్తులగు బాలుర సంగతి యందుఁ బ్రధానమును గాదు.

కావున వడ్డాది బడిపిల్లవానికి మిగిలిన యాధారము 1997 నాఁటి శాసనమే. అందు ‘విద్యాసంస్థ’ యను పదము పాఠశాలలును నిముడునట్లు విశాలముగా నిర్వచింపఁబడినది. అందు నిందకుఁ గారణ మేదియుఁ బేర్కొనఁబడలేదు. ఇది లోపమని కొందఱనవచ్చును, గాని బాలునికి మేలే. తాను ఎట్టివాఁడో చెప్పుకొన నక్కఱలేదు, తన్నేమని పిలిచిరో చెప్పినఁ జాలును. విన్నపము విని యుపేక్షించిన ప్రధానోపాధ్యాయుఁడు సైతము ఆ శాసనము ననుసరించి నేరమునకుఁ దోడ్పడినవాఁడుగానే యెంచఁబడును.