పిక్క నొప్పికి కడుపు దారి: ప్రాచీన చైనా వైద్యంలో ఒక కషాయ చరిత్ర

కీలక పదాలు: చైనా వైద్యం, షాంగ్‌హాన్ లూన్, అతిమధురం, పాఠ పరిష్కరణ, వాతం, ప్లీహం

భారతీయ, చైనా వైద్యాలను పోల్చి చూసే పరిశోధకునికి మొదట స్ఫురించే సమీకరణం ఒకటుంది. ఆయుర్వేదంలో కదలికకు మూలం వాతం. చైనా వైద్యంలో ‘ఫెంగ్’ అంటే గాలి. కనుక కాళ్లు పట్టేయడం, చచ్చుబడడం వంటి చలన సంబంధ రుగ్మతలను రెండు సంప్రదాయాలూ ఒకే తీరున గ్రహించాయన్నది ఆ సమీకరణ సారాంశం. పదాల పోలిక మీద కట్టిన ఈ భావన మూల గ్రంథాల దగ్గరికి వెళ్లేసరికి బలహీనపడుతుంది. చైనా వైద్యులు కాలి జబ్బును గాలితోనూ ముడిపెట్టారు, నిజమే. అయితే వారి గ్రంథాలలో అంతే బలమైన మరో దారి ఉంది. అది కడుపు గుండా పోతుంది. రెండే ద్రవ్యాలున్న ఒక కషాయం చరిత్ర ఆధారంగా ఆ దారిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నరసం – అవయవాలు

హాన్ రాజవంశ కాలం నాటికి రూపుదిద్దుకున్న ‘హువాంగ్‌డీ నెయ్‌జింగ్’ సంవాద రూపంలో సాగే సంకలన గ్రంథం. అందులోని ‘సువెన్’ భాగం 29వ అధ్యాయంలో చక్రవర్తి ఒక ప్రశ్న వేస్తాడు: ప్లీహానికి జబ్బు చేస్తే కాళ్లూ చేతులూ ఎందుకు పనిచేయవు? దానికి వచ్చిన సమాధానం సారాంశమిది. అవయవాలకు కావలసిన శక్తి జీర్ణాశయం నుండే వస్తుంది. కాని అది నేరుగా వాటిని చేరలేదు. ప్లీహం ఆ రసాన్ని మోసుకువెళ్లాలి. మోసేది నీరసిస్తే అవయవాలు ఎండిపోతాయి. ఇక్కడి ప్లీహం నేటి శరీర శాస్త్రం చెప్పే ప్లీహం కాదు, జీర్ణవ్యాపారానికి పెట్టిన పేరని గుర్తుంచుకోవాలి. 44వ అధ్యాయం మరో అడుగు ముందుకు వేసి, అవయవాలు శుష్కించి చచ్చుబడే ‘వేయ్’ వ్యాధుల చికిత్సలో జీర్ణాశయానికి చెందిన ‘యాంగ్‌మింగ్’ నాడీమార్గానికే ప్రాధాన్యం ఇస్తుంది. కీళ్లను కదిలించే స్నాయువులకు తడిని అందించేది అదేనని అక్కడి వివరణ.

ఇది సిద్ధాంతం. వైద్యుడు రోగి ముందు కూర్చున్నప్పుడు దీన్ని ఎలా ఆచరించాడో తెలియాలంటే క్రీ.శ. 3వ శతాబ్ది ఆరంభానికి రావాలి.

ఒక సూత్రం, మూడు కషాయాలు

జాంగ్ జోంగ్‌జింగ్ రచనగా ప్రసిద్ధమైన ‘షాంగ్‌హాన్ లూన్’ జ్వరాల గ్రంథం. ఆయన పేరుతో ఉన్న పీఠికలో, పదేళ్లు నిండకుండానే తన రెండు వందల మందికి పైబడిన వంశంలో మూడింట రెండు వంతుల మంది మరణించారని ఉంది. ఆ పీఠిక అంతా ఆయనదేనా అన్న చర్చ నేటికీ ఉంది. మన విషయానికి ముఖ్యమైనది, ఆధునిక ముద్రణలలో 29వ సంఖ్య ఇచ్చిన సూత్రం.

రోగికి చెమట పడుతోంది, మూత్రం మాటిమాటికీ వస్తోంది, కొద్దిగా చలి, చిరాకు, పైగా కాలు పట్టేసి ముడుచుకుపోయింది. వైద్యుడు పొరబడి దాల్చిన కొమ్మల కషాయం ఇచ్చాడు. దాంతో కాళ్లూ చేతులూ చల్లబడి, గొంతు ఎండి, వాంతి మొదలైంది. అప్పుడు గ్రంథకర్త కాలి జోలికి పోడు. ముందు అతిమధురం, శొంఠి కలిపిన కషాయంతో లోపలి వేడిని నిలబెట్టమంటాడు. అవయవాలు వెచ్చబడ్డాక పియోనీ వేరు, అతిమధురం నాలుగేసి ‘లియాంగ్’లు కాచి రెండు మోతాదులుగా ఇవ్వాలి. కాలు చాచుకుంటుంది. ఆ తరువాత జీర్ణాశయం కుదుటపడక రోగి సంధి మాటలు మాట్లాడితే, కొద్దిపాటి విరేచనకారి ఇవ్వాలి. వాంతి, పిక్క, మలం అన్న మూడింటినీ ఒకే రోగి కథలో వరుసగా నడిపించిన తీరు ఇది. ఈ సూత్రం వివరణలో గాలికి చోటు లేదు.

ఇక్కడ అనువాదకులు జాగ్రత్తపడవలసిన పదం ‘జియావ్’. నేటి చైనా భాషలో దానికి పాదమని అర్థం. ప్రాచీన భాషలో మోకాలి కిందిభాగం, అంటే పిక్క ఉన్న చోటు. తెలుగులో ‘కాలు’ రెండింటికీ చెల్లుతుంది కాబట్టి మన అనువాదంలో ఈ చిక్కు బయటపడకుండానే దాటిపోతుంది. అందుకే మరింత అప్రమత్తత అవసరం.

1144 నాటి వ్యాఖ్యాత చెంగ్ వూజీ ఈ రెండు ద్రవ్యాలను రుచుల ద్వారా సమర్థించాడు. పులుపు కూడదీస్తుంది, తీపి సడలిస్తుంది, రెండూ కలిసి రక్తాన్ని పోషిస్తాయి. మధుర, ఆమ్ల, లవణ రసాలు వాతాన్ని శమింపజేస్తాయన్న ఆయుర్వేద సూత్రం వెంటనే గుర్తుకు వస్తుంది. పోలిక ఆకర్షణీయమే. కాని చెంగ్ లెక్క పోషణది. దోష శమనం కాదు. నిజంగా పోల్చదలిస్తే వాతాన్ని ఫెంగ్‌తో కాక, ధాతువులను పెంచే అన్నరసాన్ని ప్లీహం మోసే రసంతో పోల్చడం సమంజసమని నా అభిప్రాయం.

పాఠం, పేరు, తూకం

మనకు దక్కిన పాఠం జాంగ్ చేతిది కాదు. ఉత్తర సాంగ్ ప్రభుత్వం 1057లో వైద్యగ్రంథ పరిష్కరణకు ఒక కార్యాలయం నెలకొల్పింది. లిన్ యీ తదితరులు పరిష్కరించిన ప్రతి 1065లో వెలువడింది. ఆ పాఠంలో ఈ యోగం దగ్గర ‘తెల్ల పియోనీ’ అని ఉంది. తెలుపు, ఎరుపు భేదం సుమారు క్రీ.శ. 500 నాటి తావ్ హోంగ్‌జింగ్‌తో స్పష్టపడిందని సాధారణంగా చెబుతారు. కనుక ఆ విశేషణం మధ్యలో ఎవరో లేఖకుడు చేర్చినది కావచ్చు. తాళపత్ర ప్రతులతో పనిచేసిన వారికి ఇలాంటి చేర్పులు కొత్త కాదు.

దక్షిణ సాంగ్ కాలపు ఒక యోగ సంగ్రహం ఇవే రెండు ద్రవ్యాల కషాయాన్ని కాళ్ల బలహీనతకు చెప్పి, ‘చూజాంగ్ తాంగ్’ అని పేరు పెట్టింది. చేతికర్రను వదిలించే కషాయమని దాని అర్థం. పట్టేసిన పిక్కకు చెప్పిన మందు నడవలేని కాలికి మారడం చిన్న మార్పు కాదు. ఒకటి బిగుసుకుపోవడం, మరొకటి సత్తువ లేకపోవడం.

దాదాపు అదే యుగంలో, ఉత్తరాన లీ గావ్ (1180–1251) కడుపు దారిని సామాజిక అనుభవంతో ముడివేశాడు. 1232లో మంగోలులు కైఫెంగ్‌ను ముట్టడించినప్పుడు ఆయన అక్కడ ఉన్నాడు. ముట్టడి ముగిశాక జనం విపరీతంగా చనిపోయారు. వారిని చంపింది బయటి చలి కాదని, ఆకలి, అలసట ప్లీహ జీర్ణాశయాలను దెబ్బతీశాయని, చలి జ్వరమని భ్రమించిన వైద్యం మిగతా పని పూర్తిచేసిందని ఆయన నిర్ణయం. 1249 నాటి ‘పీవేయ్ లూన్’ ఆ వాదానికి విస్తృత రూపం. కాళ్లూ చేతులూ బరువెక్కి లేవలేకపోవడం ఆయన దృష్టిలో తిండి అందని శరీరం చెప్పే మాట.

తూకం విషయం ఇంకా తెగలేదు. హాన్ కాలపు లియాంగ్ సుమారు 14 నుండి 15 గ్రాములని నేటి గణన. ఆ లెక్కన నాలుగు లియాంగ్‌ల అతిమధురం 60 గ్రాములకు దగ్గరగా వస్తుంది. మింగ్ కాలపు లీ షిజెన్ మాత్రం పాత లియాంగ్‌కు అందులో పదో వంతైన ‘చియెన్’ చాలన్నాడు. 1976 నుండి కాంపో యోగాలను ఆరోగ్య బీమాలో విస్తృతంగా చేర్చిన జపానులో ఈ కషాయానికి ‘షకుయాకు కాంజో తో’ అని పేరు. పిక్కలు పట్టేయడానికి అక్కడి వైద్యులు దీన్ని విరివిగా రాస్తారు. ప్రచారంలో ఉన్న ఒక సారపు పొడిలో రోజుకు ఒక్కో ద్రవ్యం 6 గ్రాములే. పెద్దపేగు ఎండోస్కోపీ చేసేటప్పుడు పేగు బిగుసుకోవడాన్ని తగ్గించడానికీ దీన్ని అక్కడ ప్రయోగించి చూశారు. కాలూ కడుపూ మళ్లీ ఒకే మందు దగ్గర కలిశాయి.

తూకం చర్చ కేవలం పండితులది కాదనడానికి కారణం అతిమధురమే. అందులోని గ్లిసిరైజిన్ వల్ల శరీరం ఉప్పును పట్టి ఉంచి పొటాషియాన్ని పోగొట్టుకుంటుంది. ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, కండరాలు సత్తువ కోల్పోతాయి, నడక తడబడుతుంది. అలాంటి రోగి చేతికర్ర పట్టుకుని వస్తే, పాత సంగ్రహాన్ని మాత్రమే చదివిన వైద్యుడు అదే కషాయాన్ని మళ్లీ రాసే అవకాశం ఉంది.