పింజారి ఆవాజ్

మా కైకలూరు బజారులో చులకనగా తిట్టాలంటే ‘పింజారీ వెధవ’ అనేస్తారు. దూది ఏకే కౌమ్ పేరది, గాలీ అయిపోయింది. మనమేం తక్కువ? ఉర్దూ రాదని దూదేకుల భాయీలను దస్తర్‌ఖాన్ చివర కూర్చోబెడతాం.

బుర్రకథ షేక్ నాజర్ సాబ్ ఆ కౌమ్ మనిషే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టారు. 1940లలో ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగారు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, చెరోపక్క డక్కీలతో వంతలు; ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఎంత మైదానమైనా ఆ ముగ్గురి ఆవాజ్‌తో మెహఫిల్ అయ్యేది. పల్నాటి యుద్ధం ఆయన చెప్పాలి, జనం వినాలి!

1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు మాత్రం ‘పింజారి’.