డప్పు దారిలో – 6వ భాగం: ఎగ్జిబిషన్ గేటు దగ్గర మా నాయన



గత భాగం చదివి చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, డప్పు మన ఆత్మగౌరవమా, మన నెత్తిన రుద్దిన వెట్టా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అని. వెంటనే జవాబు రాయలేకపోయాను. ఈలోగా ఎండాకాలం వచ్చింది, ఆ ప్రశ్న మా పేటలోకే వచ్చి కూర్చుంది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణం. బడులకు సెలవులివ్వగానే హైస్కూలు గ్రౌండులో ఎగ్జిబిషన్ పడుతుంది. మన చిన్న పట్టణాలన్నిటికీ ఇది తెలిసిందే. రంగులరాట్నం, జెయింట్ వీల్, బావిలో మోటార్ సైకిల్, చేటంత అప్పడాలు, మిరపకాయ బజ్జీలు, గాజుల దుకాణాలు, చివర్లో ఒక స్టేజీ. ఇలాంటి వాటన్నిటికీ పెద్దన్న హైదరాబాద్ నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు 50 స్టాళ్లతో దాన్ని మొదలుపెట్టారు. 1946లో అది నాంపల్లికి మారింది. స్థానికంగా తయారయ్యే సరుకును జనానికి చూపించడం దాని ఉద్దేశం. ఆ సరుకును చూపించిన చరిత్ర మనకు దొరుకుతుంది. ఆ సరుకు దగ్గరికి జనాన్ని పిలిచిన వాళ్ల చరిత్ర మాత్రం ఎక్కడా దొరకదు. చిన్న పట్టణాల్లో ఆ పిలిచింది ఎవరో నాకు తెలుసు. మా నాయన.

తొంభైలలో మధ్యాహ్నం మూడింటికి మైకు కట్టిన రిక్షా మా పేట నుంచే బయలుదేరేది. ముందు మా నాయన, మా చిన్నాయన డప్పు కొడుతూ నడిచేవాళ్లు. ఎండకు తారు కాలుతుండేది. ఊరంతా తిరిగి, సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర నిలబడేవాళ్లు. ఎనిమిది దాకా అక్కడే. వచ్చే పోయే పెద్దల ముందు కొట్టాలి. తర్వాత స్టేజీ మీద ఆర్కెస్ట్రా మొదలయ్యేది. ఆర్కెస్ట్రా మొదలైతే డప్పు ఆపాలి. అదీ ఒప్పందం.

డప్పుకు నిప్పు కావాలని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. చెక్క బద్దల చట్రానికి చింతగింజల జిగురు పూసి మేకతోలు బిగిస్తారు. కాసేపు కొడితే తోలు వదులవుతుంది, మోత చచ్చిపోతుంది. మళ్లీ సెగ చూపించాలి. సెగ తగిలాక కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల పడితే అప్పుడు వినాలి దాని గొంతు. ఎగ్జిబిషన్లో గుడారాలుంటాయి కాబట్టి లోపల నిప్పు పెట్టకూడదన్నారు. అది న్యాయమైన మాటే. అయితే వంట స్టాళ్లలో పొయ్యిలు మండుతూనే ఉండేవి. మా నాయన మాత్రం ప్రహరీ వెనక, జనం ఒంటేలుకు పోయే మూల, నాలుగు అట్టముక్కలు వెలిగించి డప్పు కాచుకునేవాడు. డప్పు పట్టుకుని నేనూ పక్కనే కూర్చునేవాణ్ణి. నాకు బాగా గుర్తున్న ఎగ్జిబిషన్ వాసన ఆ మూలదే.

ఇంకొకాయన ఉండేవాడు మా పేటలో, పెయింటర్. ఎగ్జిబిషన్ ఆర్చీ మీద అక్షరాలు, ఏనుగులు, నెమళ్లు, చందాలిచ్చిన పెద్దల పేర్లు అన్నీ ఆయన చేతివే. ఊళ్లో అందరి పేర్లూ రాశాడు. తన పేరు ఒక మూలనైనా రాసుకోనివ్వలేదు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, కుంచె పక్కన పెట్టాడు.

ఇప్పుడు అసలు చరిత్రలోకి వద్దాం. డప్పు మా వాళ్లు ఇష్టపడి ఎంచుకున్న కొలువు కాదు. జాతరకు కొట్టాలి, చావుకు కొట్టాలి, చాటింపు వేయాలి. కాదంటే ఊళ్లో బతకనివ్వరు. అయినా కాదన్నవాళ్లున్నారు, అదీ మా జిల్లాలోనే. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చేనాటికే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద కొత్త దారి వెతుకుతున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాన్ని మతం మార్పుగానే చదివితే సగమే చదివినట్టు. ఆ మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. ఊరి జాతరల్లో డప్పు కొట్టం అన్నారు. అందుకు ఊరి పెద్దల చేతుల్లో నానా బాధలూ పడ్డారు. సమ్మె అనే మాట మన పల్లెలకు తెలియక ముందే, డప్పు కింద పెట్టి వాళ్లు సమ్మె చేశారు. మా నాయనమ్మ వాళ్ల ఇంట్లో డప్పు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. అందులోని పౌరుషం నాకు ఈ చరిత్ర చదివాకే అర్థమైంది.

అదే జిల్లాలో, 1994 జూలై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టింది. ఉద్యమం పేరే డప్పు చాటింపు. తాతలు కింద పెట్టిన డప్పును మనవలు చేతికి తీసుకున్నారు. ఈసారి ఎవరి జాతర కోసమో కాదు, తమ మాట తాము చాటుకోవడానికి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు అనుకునేవాణ్ణి ఒకప్పుడు. ఇప్పుడలా అనుకోను. ఎవరి కోసం కొట్టాలి, ఎక్కడ నిలబడి కొట్టాలి అనేది మేమే తేల్చుకుంటాం అని ఇద్దరూ అన్నారు. ఒకరు ఆపి చెప్పారు, ఒకరు కొట్టి చెప్పారు.

మన కళల్లో ఊరి పెద్దల కోసం పుట్టనివి కూడా ఉన్నాయి. చిందువాళ్లు, డక్కలివాళ్లు మాదిగ వాడలకే వచ్చి ఆడారు, జాంబపురాణం చెప్పారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో చనిపోయేదాకా ఆ ఆటే తన బతుకనుకుంది. చిందు యక్షగానానికి 2024లో గడ్డం సమ్మయ్య ద్వారా పద్మశ్రీ వచ్చింది. కిన్నెర మొగులయ్యకు 2022లోనే వచ్చింది. ఆ మొగులయ్యే 2024లో కూలి పనికి పోతున్నాడని పత్రికల్లో చదివాం. పతకం వచ్చినంత మాత్రాన పొయ్యిలో పిల్లి లేవదు.

ఇక ఈ ఎండాకాలం సంగతి. ఎగ్జిబిషన్ కమిటీ వాళ్లు ఈసారి శని, ఆదివారాల్లో స్థానిక కళాకారుల కార్యక్రమాలు పెట్టారు. పాటలు, నాటికలు, కూచిపూడి, పిల్లలు గీసిన బొమ్మల ప్రదర్శన. మంచి ఆలోచన. మా పేట కుర్రాళ్ల డప్పు బృందాన్నీ పిలిచారు. ఎక్కడికి? గేటు దగ్గరికి. అతిథులను స్వాగతించడానికి.

రాత్రి చర్చి అరుగు మీద కూర్చున్నాం. పెద్దాయన ఒకాయన, "మా తాతలు వదిలేసిన దాన్ని మళ్లీ గేటు కాడికి మోసుకుపోతార్రా?" అన్నాడు. డిగ్రీ చదివే పిల్ల ఒకతె లేచింది. ఆ బృందంలో చిర్ర బాగా తిప్పేది ఆ పిల్లే. "పెద్దయ్యా, వదిలేస్తే మన చోట ఇంకెవరో కొడతారు. నాకు స్టేజీ కావాలి" అంది. గంటసేపు వాదులాట జరిగింది. చివరికి మూడు కోరికలు రాసుకున్నాం. స్టేజీ మీద అరగంట ఇవ్వాలి. ఫ్లెక్సీ మీద ఒక్కొక్కరి పేరూ ఉండాలి. ఆర్కెస్ట్రా కళాకారుడికి ఎంత ఇస్తారో డప్పు కళాకారుడికీ అంతే ఇవ్వాలి.

కమిటీ మొదటిదానికి ఒప్పుకుంది. మూడోదానికి సగం ఒప్పుకుంది. రెండోదానికి నవ్వింది. ఫ్లెక్సీలో చోటు లేదన్నారు. పాడేవాళ్ల పేర్లు ఫొటోలతో సహా వేశారు. మా వాళ్లకు "డప్పు బృందం" అని రెండు ముక్కలు. ఆదివారం రాత్రి పిల్లలు స్టేజీ ఎక్కారు. కొట్టడానికి ముందు ఆ పిల్ల మైకు తీసుకుని పన్నెండు మంది పేర్లూ, వాళ్ల అమ్మానాన్నల పేర్లూ చదివింది. ఎవరూ చెప్పించింది కాదు, తనే చేసింది. ఆ తర్వాత అరగంట గ్రౌండులో రంగులరాట్నం చప్పుడు కూడా నాకు వినపడలేదు.

మా నాయన కుర్చీలో కూర్చుని చూశాడు. ఆయనకు ఇప్పుడు డప్పు కళాకారుల పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలైంది. అది దయ కాదు, బాకీ. ఇంటికొస్తూ అడిగాను, "నాయనా, ఈ వారం రాసేదాంట్లో నీ పేరు వేస్తా" అని. "ముందు ఆ ఫ్లెక్సీ మీద ఎక్కించండ్రా. తర్వాత రాద్దువులే" అన్నాడు. అందుకే ఇక్కడ పేరు లేదు. వచ్చే ఏడాది ఫ్లెక్సీ సంగతి కూడా ఇక్కడే రాస్తాను.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరి ఎగ్జిబిషన్లో, జాతరలో గేటు దగ్గర కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి. పేరు, ఊరు, ఎన్నేళ్ల నుంచి కొడుతున్నారు, ఎంత ఇచ్చారు, డప్పు ఎక్కడ కాచుకున్నారు, అడిగి రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేర్లు బయట పెట్టండి. మన చరిత్ర అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వచ్చే భాగంలో చావు డప్పు గురించి.

జై భీమ్.